ఎవరూ నమ్మని ఒళ్ళు

మా మేనత్త పోయింది. పోయిన నెల, ఈస్టరుకు ముందు మా క్రైస్తవులు ఉపవాసాలుండే నలభై శ్రమదినాల మధ్యలో, ఒక మంగళవారం పొద్దున, ప్రొద్దుటూరులో ఒక ఆసుపత్రిలో. నర్సు ఆ కబురు ఫోనులో చెప్పేటప్పటికి నేను ఎదురుగా ఉన్న బండి దగ్గర రెండో ప్లేటు ఇడ్లీ తింటున్నాను. ఈ సంగతి మొదటే చెప్పేస్తున్నాను. పోయినవాళ్ళ గురించి రాసేవాడు తనను కూడా కాస్త మంచివాడిగా చూపించుకోవడం మామూలే. నాకు ఆ వీలు లేదు.

సొంతూరు జమ్మలమడుగుకు తీసుకుపోయి సమాధి చేశాం. పెట్టె మోసినవాళ్ళలో ఒకాయన గేటు దగ్గర భుజం మార్చుకుంటూ, "శానా బరువుండాది అప్పా. హాస్టల్లో బాగా తినిండాది ఈయమ్మ" అన్నాడు. చెడ్డ మనసుతో అన్నది కాదు. పక్కనున్నవాళ్ళు కూడా నవ్వీ నవ్వనట్టు నవ్వారు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమె విన్న మాటే అది. పెట్టెలో పడుకున్నాక కూడా వినాల్సి వచ్చింది.

మీకు ఆమె తెలియదు కాబట్టి చెప్తాను. మా నాన్నకు అక్క. పొట్టి మనిషి, గుండ్రటి ముఖం, నడిస్తే రెండు వైపులకూ ఊగే నడక. చేతి వేళ్ళ కణుపుల దగ్గర చంటిపిల్లలకు ఉన్నట్టు గుంటలు పడేవి. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోతే, పులివెందులలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషిగా చేరి ముప్పై ఏళ్ళకు పైగా అక్కడే వండింది. లావుగా ఉన్న వంటమనిషి. ఇంకేం సాక్ష్యం కావాలి? వార్డెను మారినప్పుడల్లా కొత్తావిడ మొదటి వారమే స్టోరుగది తాళంచెవి తన కొంగుకు కట్టుకునేది. తనిఖీకి వచ్చినవాళ్ళు ముందు కందిపప్పు డబ్బా మూత తీసి చూసేవాళ్ళు, తర్వాత మా అత్త నడుము వైపు చూసేవాళ్ళు.

చిన్నప్పుడు సెలవులకు ఆమె దగ్గరికి వెళ్ళేవాడిని. పిల్లలందరికీ వడ్డించి, గిన్నెలు కడిగి, అప్పుడు ఒక చిన్న సంగటి ముద్ద, కాస్త బుడ్డల ఊరిబిండి, అదే వేరుశనగ పచ్చడి, వేసుకుని వంటింటి మూలకు పోయేది. గోడ వైపు తిరిగి కూచుని తినేది. ఎందుకు అత్తా అట్లా అని అడిగితే, "సూసేవాళ్ళుంటే గొంతు దిగదు అబ్బీ" అంది. నాకు అర్థం కాలేదు. నేను అప్పటికే మూడు ముద్దలు తినేసి, నాలుగోదానికి చెయ్యి చాపుతున్నాను.

నాకు మా అమ్మ పోలిక. ఎంత తిన్నా ఎముకలే. అందుకని నన్ను ఎవరూ ఎప్పుడూ ఏమీ అడగలేదు.

హాస్టల్లో కొత్తగా చేరిన పిల్లలు ఇంటి మీద బెంగతో అన్నం ముట్టేవాళ్ళు కాదు. వార్డెన్లు గద్దించేవాళ్ళు, తోటిపిల్లలు బతిమాలేవాళ్ళు. మా అత్త ఆ రెండూ చేసేది కాదు. బెంగపిల్ల ముందు కంచం పెట్టి, తాను వీపు తిప్పుకుని చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతూ కూచునేది. "బువ్వ ముందర కూచున్న మనిషిని సూడగూడదబ్బీ. మన పని మనం సేసుకుంటా ఉంటే వాళ్ళే తింటారు" అనేది. కాసేపటికి వెనకనుంచి స్టీలు కంచం మీద వేళ్ళ చప్పుడు వినిపించేది. అప్పుడు కూడా ఆమె వెనక్కి తిరగదు.

నేను పెద్దవాడినై ప్రొద్దుటూరులో జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే ఉద్యోగంలో చేరాను. ఏటా జన్యువుల పాఠం వచ్చినప్పుడు నాకొక ఉదాహరణ ఉంది. చాపాడులో ఒక రైతు ఇంట్లో రెండు ఎనుములు, అంటే బర్రెలు, ఉండేవి. ఒకే గడ్డి, ఒకే కుడితి. ఒకదానికి పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, రెండోది నున్నగా నిగనిగలాడేది. వానలు పడక గడ్డి కరువైన ఏడు ఆ బక్కది చచ్చిపోయింది, రెండోది ఎండు చొప్ప నమిలి బతికి, మళ్ళీ ఈనింది. మనిషి ఒళ్ళూ అంతేనని పిల్లలకు చెప్పేవాడిని. ఆకలి ఎంత వేయాలి, తిన్నదాంట్లో ఎంత కొవ్వుగా దాచుకోవాలి, ఊరికే కూచున్నప్పుడు ఎంత ఖర్చు పెట్టాలి అన్నవాటిలో జన్యువుల చెయ్యి చాలా ఉంటుంది. ఒక్క జన్యువు కాదు, ఎన్నో జన్యువులు తలా కొంచెం. పైగా తిండి తగ్గిస్తే ఒళ్ళు తన ఖర్చు కూడా తగ్గించుకుంటుంది. కరువుల్లో అట్లాంటి ఒళ్ళే నిలిచి, పిల్లల్ని కని, ఆ గుణాన్ని కిందికి పంపిందని కొందరు శాస్త్రజ్ఞులంటారు. సంగతి అంత సూటిగా లేదని ఇంకొందరంటారు. పరీక్షలో రెండూ రాయండి అనేవాడిని.

పాఠం బాగా చెప్తానని పేరుంది నాకు. ఆ పాఠం చెప్పి ఇంటికొచ్చి మా అత్తను ఏం చేశానో ఇప్పుడు చెప్తాను.

రెండేళ్ళ కిందట ఆమెకు మోకాళ్ళు పూర్తిగా అరిగిపోయాయి. షుగరు అంతకుముందే ఉంది. జమ్మలమడుగులో ఒంటరిగా ఎందుకని మా ఇంటికి తెచ్చుకున్నాను. నా భార్య కువైట్‌లో నర్సు. ఇంట్లో నేను, ఇంటరు చదివే మా అమ్మాయి, అంతే. బరువు తగ్గితే గానీ మోకాళ్ళకు ఆపరేషను చేయలేమని డాక్టరు చెప్పాడు. ఆ మాట పట్టుకుని నేను రంగంలోకి దిగాను. నిలువు గీతలు, అడ్డ గీతలు కొట్టి ఒక చార్టు రాసి ఫ్రిజ్ మీద అంటించాను. పూటకు ఒక చిన్న స్టీలు గ్లాసెడు బియ్యం, అది కూడా తలకొట్టి. బరువు చూసే మిషను ఒకటి కొని, ప్రతి ఆదివారం గుడికి పోయి రాగానే ఆమెను దాని మీద నిలబెట్టేవాడిని. కళ్ళజోడు లేకుండా ముల్లు కనపడదు కాబట్టి, "ఎంతుండాది అబ్బీ" అని నన్నే అడిగేది.

మొదటి నెల రెండు కిలోలు తగ్గింది. తర్వాత ముల్లు కదల్లేదు. వారం, రెండు వారాలు, రెండు నెలలు. జంతుశాస్త్రం లెక్చరరుకు అప్పుడు ఏం గుర్తు రావాలి? ఎనుములు గుర్తు రావాలి. నాకు మాత్రం కందిపప్పు డబ్బా మూత తీసిన ఆ తనిఖీవాళ్ళ అనుమానమే వచ్చింది. దొంగతనంగా తింటోందని తీర్మానించుకున్నాను. బిస్కట్ల డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆమె ముందే వేశాను, అది కూడా చెప్పాలి.

ఈ శ్రమదినాలకు నెల ముందు ఒకరోజు ఆమె మంచం కింద గుడ్డసంచి కనపడింది. విప్పి చూస్తే బియ్యం. నాకు ఒళ్ళు మండిపోయింది. ముసలివాళ్ళు చాలామంది పచ్చిబియ్యం నములుతారు, ఆ అలవాటే అనుకున్నాను. ఇదేంటని అడిగితే సంఘం బియ్యమంది. మా పాత క్రైస్తవుల ఇళ్ళలో ఆడవాళ్ళు అన్నం వండే ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం దేవునికని తీసిపెట్టి, నెలకోసారి గుడిలో ఇస్తారు. పాదిరిగారి ఇంట్లో వాటిని వండి లేనివాళ్ళకు పెడతారు. ఆ సంగతి నాకు తెలియక కాదు. కానీ మా ప్రొద్దుటూరు గుడిలో అది ఎప్పుడో పోయింది, ఇప్పుడు కవర్లలో కానుక వేస్తున్నాం. ఈ ఊళ్ళో ఎవరికిస్తావు అత్తా, కథలు చెప్పొద్దు అన్నాను. జమ్మలమడుగు బస్సులో పంపుతానంది. నేను నమ్మలేదు. నోరు తెరువు, చూస్తాను అన్నాను.

పళ్ళ సందుల్లో బియ్యపు నూక ఉంటుందేమో అని.

డెబ్బై దాటిన మనిషి. చప్పున నోరు తెరిచింది. నోట్లో ఏమీ లేదు. తెరిచిన నోరు మూసుకుని, నేల చూస్తూ, అంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి చెప్పింది. మా అమ్మాయి వాకిలి దగ్గర నిలబడి వింటోంది.

ఆమెకు ఆరేడేళ్ళప్పుడు పెద్ద కరువు. ఊరి బయట గంజి కేంద్రం పెట్టారు. ఆమె, ఆమెకంటే రెండేళ్ళు పెద్దవాడైన అన్న రోజూ ముంతలు తీసుకుని వరసలో నిలబడేవాళ్ళు. మా నాన్న అప్పటికి పుట్టలేదు. అన్న పుల్లలా ఎండిపోయాడు. ఆమె బుగ్గలు మాత్రం అట్లాగే ఉన్నాయి. గంజి పోసేవాడు ఆమెను చూసి, నీకేం బాగుండావులే, పక్కకు పో అని తోసేవాడు. అన్న తన ముంతలోదే ఆమెకు రెండు గుక్కలిచ్చేవాడు. ఒకరోజు పొద్దున అన్న లేవలేదు.

"మాయమ్మ నన్ను గోడకు నిలబెట్టి నోరు తెరువు అన్య అబ్బీ" అంది మా అత్త. "వాసన సూస్య. వాని గంజి నువ్వు తాగినావు, అందుకే నువ్వుండావు, వాడు పోయినాడు అన్య. నేను తినల్యా అమ్మా అంటి. సచ్చేదాంకా నమ్మల్యా ఆయమ్మ. నువ్వన్నా నమ్ము."

నేను ఏం చేశానో తెలుసా? సంచి తీసుకుపోయి బియ్యం డ్రమ్ములో వంచేశాను. రెండు రోజులు సిగ్గుగా తిరిగాను. ఆదివారం ముల్లు మళ్ళీ కదలకపోయేసరికి సిగ్గు పోయి అనుమానం మళ్ళీ వచ్చింది.

ఆ పిడికెళ్ళ సంగతి ఆమె పోయాక మా అమ్మాయి చెప్పింది. డ్రమ్ములోంచి తీస్తే నా బియ్యం, నా కూతురి బియ్యం తీసినట్టవుతుందని, అవ్వ తన గ్లాసులోంచే పూటకొక పిడికెడు తీసేదట. అంటే నేను రాసిన చార్టు కంటే కూడా తక్కువే తిన్నది. అయినా ఆ ఒళ్ళు కరగలేదు. గంజి కేంద్రం వరసలో నేర్చిన పని కాదది. ఆమె పుట్టేటప్పుడే తెచ్చుకున్నది. ఆ ఒళ్ళు ఆమెకు తన తల్లి నుంచే వచ్చింది. ఆ తల్లి ఒంట్లోనూ కొంత కొవ్వు నిలవబట్టే కరువు దాటాక మా నాన్నను కనగలిగింది. ఒంట్లో కొవ్వు మరీ అడుగంటితే ఆడవాళ్ళకు నెలసరే ఆగిపోతుందని నేనే క్లాసులో చెప్తాను. ఆ కొవ్వు లేకపోతే మా నాన్న లేడు, నేను లేను, ఫ్రిజ్ మీద చార్టూ లేదు.

శ్రమదినాలు మొదలయ్యాయి. ఈసారి ప్రతి శుక్రవారం పొద్దు మునిగేదాకా ఉపవాసం ఉంటానంది. నలభై దినాల్లో ఎన్ని శుక్రవారాలొస్తాయో, ముల్లు ఎంత దిగొచ్చో మనసులో లెక్కేసుకుని సరేనన్నాను. నువ్వే చూద్దువు గానీ అని కూడా అంది ఆమె. ఆ ఉపవాసం దేవుని కోసమా, నేను నమ్మడం కోసమా అని నేను అడగలేదు.

షుగరు మాత్ర గురించి ఒకసారి మాటొచ్చింది. ఉపవాసం నాడు మాత్ర ఎట్లా అన్నాను, ఏదో అడగాలని. "మాత్ర మందే గదా అబ్బీ, తిండి గాదు. దాంతో ఉపాసం యాడ సెడతాది?" అంది. నేను నవ్వాను. చూశారా, ఆమెకున్న భయమల్లా ఉపవాసం చెడుతుందేమోనని. ఆ మాత్ర రక్తంలో చక్కెరను దించుతుంది. పైనుంచి తిండి పడకపోతే దించుకుంటూనే పోతుంది. ఇది తెలియాల్సిన మనిషి ఆ ఇంట్లో ఒక్కడే ఉన్నాడు, ఆ ఒక్కడు నవ్వి కాలేజీకి వెళ్ళిపోయాడు. నా భార్యకు ఫోనులో చెప్పి ఉంటే ఆమె అరిచి ఆపేది. చెప్పలేదు. మిషను ముల్లు బాగా దిగాక, గొప్పగా చెప్పుకోవచ్చులే అనుకున్నాను.

మూడో శుక్రవారం. మా అమ్మాయికి పరీక్షల సెలవులు, ఇంట్లోనే ఉంది. మధ్యాహ్నం మూడు గంటలప్పుడు చూస్తే అవ్వ మంచం మీద పడుకుని ఉంది. ఒళ్ళంతా చెమట. పాపం, ఎండలు ముదిరాయి, ఉక్కపోస్తోందేమో అనుకుని ఫ్యాను పెద్దది చేసి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరకు వేసి వచ్చింది. ఆరింటికి నేను వచ్చి లేపితే లేవలేదు. ఆసుపత్రిలో గ్లూకోసు ఎక్కించారు. డాక్టరు నా వైపు తిరిగి, తిండి లేకుండా ఆ మాత్ర ఎవరు వేయమన్నారని అడిగాడు. ఏం చదువుకున్నారు మీరు అని కూడా అడిగాడు. చెప్పాను. నాలుగు రోజులు కళ్ళు తెరవలేదు ఆమె. మంగళవారం పొద్దున నేను ఇడ్లీ తినడానికి వెళ్ళాను.

సమాధి దగ్గర జమ్మలమడుగు పాదిరిగారి భార్య నా చెయ్యి పట్టుకుని, ప్రతి నెలా బస్సు డ్రైవరు చేతికి సంచి పంపేదని, పోయిన రెండు నెలలుగా ఎందుకో రాలేదని, ఒంట్లో బాగాలేదేమో అనుకున్నానని చెప్పింది. ఎందుకు రాలేదో నేను ఆమెకు చెప్పలేదు. మీకు చెప్తున్నాను.

ఇంతటితో ఆపేయొచ్చు. తప్పు ఒప్పుకున్నాను, ఏడ్చాను, అత్త మంచిది అని రాశాను. కానీ ఆపడానికి లేదు. మా అమ్మాయి ఉంది.

మా అమ్మాయికి అచ్చం మా అత్త పోలిక. అదే గుండ్రటి ముఖం, అదే ఊగే నడక, కణుపుల దగ్గర అవే గుంటలు. చిన్నప్పుడు ఆ గుంటలు చూసి ముద్దు చేసేవాళ్ళం. అత్తను మిషను మీద నిలబెట్టిన ఆదివారాలన్నీ ఆ పిల్ల అక్కడే ఉంది. నేను ముల్లు చదివి నిట్టూర్చినప్పుడల్లా విన్నది. ఫ్యాను పెద్దది చేసి తలుపు వేసినదీ ఆ పిల్లే. అత్త పోయినప్పటి నుంచి అన్నం ముందు కూచోవడం మానేసింది. అడిగితే తిన్నానంటుంది. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి కంచం కడిగి బోర్లించి ఉంటుంది. బుగ్గలు అట్లాగే ఉన్నాయి. కళ్ళ కింద మాత్రం నల్లబడింది, మేడెక్కితే గోడ పట్టుకుంటోంది. బుగ్గల్ని నమ్మాలా, కళ్ళ కింద నలుపును నమ్మాలా? అత్త తినలేదని నిజం చెప్తే నమ్మలేదు నేను. ఈ పిల్ల తిన్నానంటే నమ్మాలని నాకు ప్రాణం పోయేంత ఆశగా ఉంది. నా భార్య సెలవు కోసం అక్కడ కాళ్ళావేళ్ళా పడుతోంది, ఇంకా ఇవ్వలేదు. ఇక్కడి డాక్టరమ్మ ఒకావిడ అమ్మాయిని చూసి, బరువు మామూలుగానే ఉంది కదండీ, కంగారెందుకు అంది. ఆ మాట విన్నప్పుడు నాకు గంజి పోసేవాడు గుర్తొచ్చాడు. రేపు వేరే డాక్టరు దగ్గరికి తీసుకుపోతున్నాను. ఆయన కూడా బుగ్గలే చూస్తే ఇంకెవరి దగ్గరికి పోవాలో నాకు తెలియదు.

ఈరోజు ఆదివారం. గుడి నుంచి వచ్చాక అత్త మంచం జరిపి ఊడుస్తుంటే కింద గుడ్డసంచి కనపడింది. అదే సంచి. నేను ఖాళీ చేసి మూలకు విసిరినది. ఎత్తితే బరువుగా ఉంది. అమ్మాయి మళ్ళీ పిడికెడు తీసిపెడుతోందన్నమాట అనుకుని మొదట సంతోషపడ్డాను. తర్వాత ఎందుకో సంచిని బరువు చూసే మిషను మీద పెట్టాను. పూటకొక పిడికెడు వేస్తే మూడు వారాల్లో అంత కావు. పిల్ల తన వంతు బియ్యమంతా వండకుండా ఇందులోనే పోస్తోంది.

తల ఎత్తితే వాకిట్లో నిలబడి ఉంది. నేను ఒక్క మాట కూడా అనకముందే, "తిన్న్యా నాన్నా" అంది. నేను చూస్తూనే ఉన్నాను. దగ్గరికొచ్చి, చాలా మెల్లగా, "నోరు తెరిసి సూపియ్యల్నా?" అంది.

వద్దు తల్లీ అన్నాను. ఇంకా చాలా చెప్పాలనుకున్నాను. నీ ఒళ్ళు తప్పు చేయలేదని, ఆ ఒళ్ళు లేకపోతే మన ఇంట్లో ఎవరమూ లేమని, ఫ్యాను వేసినందుకు అవ్వ పోలేదని, నేను పంపేశానని.

వంటింట్లోకి పోయి ఆ సంచిలోంచే గ్లాసెడు బియ్యం తీసి కడిగి పొయ్యి మీద పెట్టాను. ఫ్రిజ్ మీది చార్టు చించి చెత్తబుట్టలోకి తోశాను. ఉడికాక రెండు కంచాల్లో పెట్టి, ఊరిబిండి వేసి, ఒకటి ఆమె ముందు పెట్టాను. అమ్మాయి కూచుంది. కంచం చూస్తోంది. నేను ఆమెను చూస్తున్నాను. ఎంతసేపైనా చెయ్యి కదల్లేదు.

అప్పుడు నా కంచం తీసుకుని మూలకు పోయి, గోడ వైపు తిరిగి కూచున్నాను. సున్నం పెచ్చులూడిన గోడ. దాన్నే చూస్తూ, నా ముద్ద నోటి దాకా తెచ్చి ఆపి, వెనకనుంచి స్టీలు కంచం మీద వేళ్ళ చప్పుడు కోసం వింటున్నాను.